కాల్షియం గోలీ వల్ల అమ్మ గుండె బిగుసుకుపోయిందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. నేను హన్మకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, బయాలజీ గ్రూపు. మా అమ్మకు 57 ఏళ్లు. మూడేళ్లుగా బీపీకి అమ్లోడిపిన్ 5 మి.గ్రా. గోలీ వేసుకుంటుంది. మోకాళ్ల నొప్పులకని ఆరు నెలల కింద కాల్షియం గోలీలు కూడా రాశారు. మొన్న పత్తి ఏరుతుంటే దమ్ము వచ్చి చేనులోనే కూర్చుండిపోయింది. టూడీ ఎకో తీయించాం. గుండె పంపింగ్ 62 శాతం, బాగుందన్నారు. కానీ రిపోర్టు కింద 'గ్రేడ్ 1 డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్' అని ఉంది. రక్తంలో కాల్షియం 8.3 అని రాసి, తక్కువ ఉన్నట్టు గుర్తు పెట్టారు. ఆల్బుమిన్ 3.4 ఉంది. ఊళ్లో ఒక పెద్దమనిషి 'కాల్షియం ఎక్కువైతే గుండె బిగుసుకుంటది, మళ్లీ వదలదు' అన్నాడు. నెట్‌లో చూస్తే గుండె ముడుచుకునేది కాల్షియంతోనే అని, అమ్లోడిపిన్ కాల్షియాన్ని అడ్డుకునే మందని ఉంది. ఒక గోలీతో కాల్షియం ఇచ్చి, ఇంకో గోలీతో దాన్ని ఆపడం ఏమిటి సార్? అమ్మ భయపడి పది రోజులుగా రెండూ మానేసింది. దయచేసి అర్థమయ్యేలా చెప్పండి. (పేరు వద్దు, పరకాల)

సమాధానం: బిడ్డా, డిగ్రీ చదువుతున్న పిల్లవి కాబట్టి 'నువ్వు' అనే రాస్తున్నాను. నీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన మాట ఒక్కటే. పది రోజులుగా అమ్మ బీపీ గోలీ వేసుకోవడం లేదు. మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు, ముందు ఈరోజే అమ్మకు బీపీ చూపించు. పల్లె దవాఖాన అయినా, పీహెచ్‌సీ అయినా చాలు. గోలీ రాసిన డాక్టరుకు ఫోన్ చేసి, మానేసిన సంగతి దాచకుండా చెప్పి, ఆయన చెప్పిన మోతాదులో ఇవాళే మళ్లీ మొదలుపెట్టించు. కాల్షియం గోలీ నాలుగు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదు. బీపీ గోలీ అలా కాదు. గోలీ మానేస్తే బీపీ బయటికి ఏ గుర్తూ చూపకుండా పెరుగుతుంది, అమ్మకు తెలియను కూడా తెలియదు.

ఇక నీ ప్రశ్న. చాలా మంచి ప్రశ్న. ఊళ్లో ఆ పెద్దమనిషి చెప్పిన మాటలోనూ కొంత నిజం ఉంది కాబట్టి దాన్ని కొట్టిపారేయకుండా మొదటి నుంచి చెప్తాను.

మేము మెడిసిన్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు ఫిజియాలజీ ల్యాబులో కప్ప గుండె ప్రయోగం ఉండేది. మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మెల్లగా తిరుగుతుంటే, కప్ప గుండెకు దారంతో కట్టిన చిన్న మీట దాని మీద అలలు గీసేది. గుండె మీద పోసే ద్రవంలో కాల్షియం క్లోరైడు చుక్కలు కలిపితే అలల ఎత్తు పెరిగేది. ఇంకొన్ని చుక్కలు వేస్తే అల పైకి వెళ్లి, కిందికి రాకుండా అక్కడే గీతలా నిలిచిపోయేది. ముడుచుకున్న గుండె మళ్లీ వదల్లేదు. ఆ గీతను చూసి నేను నిజంగా భయపడ్డాను. ఇప్పుడు కాలేజీల్లో ఇదంతా కంప్యూటర్ తెర మీదే చూపిస్తున్నారు. కప్పల ప్రాణం పోకుండా పాఠం వస్తోంది, అది మంచిదే. కానీ ఆ గీత నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

ఈ సంగతి మొదట తెలిసిన తీరు వింటే నీకు ఆశ్చర్యం వేస్తుంది. 1880ల మొదట్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను బయటికి తీసి ఉప్పునీటిలో ఉంచితే చాలాసేపు చక్కగా కొట్టుకుంది. ఆ ఉప్పునీరు డిస్టిల్డ్ వాటర్‌తో చేసిందని ఆయన అనుకున్నాడు. తీరా చూస్తే సహాయకుడు కుళాయి నీళ్లతో కలిపాడు. డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ చేస్తే గుండె కాసేపటికే నీరసపడి ఆగిపోయింది. కుళాయి నీళ్లలో కొద్దిగా ఉన్న కాల్షియమే ఆ తేడాకు కారణమని ఆయన వెతికి పట్టుకుని 1883లో ప్రచురించాడు. ఇప్పటికీ దవాఖానలో 'ఆర్.ఎల్.' అని ఎక్కించే సెలైన్ ఉంది చూడు, అందులో 'ఆర్' అంటే ఆ రింగరే. ఆ సీసాలో సోడియం, పొటాషియంతో పాటు కాసింత కాల్షియం కూడా ఉంటుంది.

కాబట్టి కాల్షియం లేకపోతే గుండె ముడుచుకోదు. మరీ మించిపోతే వదలదు. పెద్దమనిషి చెప్పింది ఈ రెండో సగం. కానీ ల్యాబులో మేము కాల్షియం పోసింది నేరుగా గుండె మీద. మీ అమ్మ వేసుకుంటున్న గోలీ పోయేది పొట్టలోకి. ఈ రెండింటి మధ్య ఒంట్లో ఎన్ని కాపలాలు ఉన్నాయో చెప్పాలంటే, ముందు గుండె కణం లోపలికి పోవాలి.

మన వైపు పొలాన్నే ఊహించుకో. గుండె కండరంలో ఒక్కో కణం ఒక మడి. ఆ మడికి బయట పెద్ద కాలువ నిండుగా పారుతోంది. కణం చుట్టూ ఉన్న ద్రవం అది, అందులో కాల్షియం పుష్కలం. మడి లోపల మాత్రం, గుండె సడలి ఉన్నప్పుడు, నేల దాదాపు ఎండి ఉంటుంది. బయటి కాల్షియంతో పోలిస్తే లోపల స్వేచ్ఛగా తిరిగే కాల్షియం సుమారు పదివేలో వంతు మాత్రమే. ఇంకో విశేషం ఏమిటంటే, మడి లోపలే ఒక చిన్న చెరువు కూడా ఉంది. కాల్షియాన్ని నిలవ ఉంచుకునే సంచుల అల్లిక అది. మీ పుస్తకంలో సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అని ఉంటుంది.

విద్యుత్ సంకేతం కణం మీదికి రాగానే బయటి గోడలో ఎల్-టైప్ కాల్షియం చానళ్లు అనే చిన్న తలుపులు తెరుచుకుంటాయి. బయటి కాలువ నుంచి కొద్దిపాటి కాల్షియం లోపలికి వస్తుంది. మడిని తడపడానికి అది చాలదు. కానీ ఆ కొద్ది నీరే పోయి లోపలి చెరువు తూమును తాకుతుంది, తూము తెరుచుకుంటుంది. రయనోడిన్ రిసెప్టర్ అంటారు ఆ తూమును. చెరువులోని కాల్షియం ఒక్కసారిగా మడిలోకి దూకుతుంది. లోపలి కాల్షియం సెకనులో చిన్న భాగంలోనే సుమారు పది రెట్లు పెరుగుతుంది. కాల్షియమే కాల్షియాన్ని పిలుచుకురావడం అన్నమాట. ఎన్నేళ్లు పాఠం చెప్పినా ఈ దగ్గరకు వచ్చేసరికి నాకు కొత్తగానే ఉంటుంది.

కాలి కండరం, చేతి కండరం ఇలా కావు. వాటికి లోపలి చెరువు నీళ్లే చాలు, ప్రతిసారీ బయటి నుంచి కాల్షియం రానక్కర్లేదు. గుండెకు మాత్రం ప్రతి కొట్టుకూ బయటి కాల్షియం రావాల్సిందే. రింగర్ గిన్నెలో కప్ప గుండె ఆగిపోయింది అందుకే.

మడిలోకి వచ్చిన కాల్షియం ఏం చేస్తుంది? కణం లోపల ఆక్టిన్, మయోసిన్ అని రెండు రకాల పోగులు పక్కపక్కన ఉంటాయి. మయోసిన్‌కు చేతుల్లాంటి తలలు ఉంటాయి. అవి ఆక్టిన్‌ను పట్టి లాగితే కణం పొట్టిదవుతుంది, గుండె ముడుచుకుంటుంది. మామూలుగా ఆ పట్టుకునే చోట్లను ట్రోపోమయోసిన్ అనే సన్నని దారం కప్పి ఉంచుతుంది. కాల్షియం వచ్చి ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కోగానే ఆ దారం పక్కకు జరుగుతుంది, చేతులు పట్టుకుంటాయి. ఈ ట్రోపోనిన్‌ను 1960ల్లో జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి కనుగొన్నాడు. ఛాతీ నొప్పితో పోతే దవాఖానలో 'ట్రోప్ టెస్ట్' అని రక్తం తీస్తారే, అది వెతికేది గుండె కండరంలోని ఈ ట్రోపోనిన్ రకాలనే. కండరం దెబ్బతింటే అది రక్తంలోకి కారుతుంది.

ముడుచుకోవడం ఇంతవరకు. సడలడం ఇంతకంటే పెద్ద పని. మీ అమ్మ రిపోర్టులో ఉన్న మాట ఈ పని గురించే.

మనం అనుకుంటాం, పిడికిలి బిగించడానికే బలం కావాలి, వదలడానికి ఏం కావాలి అని. గుండె కణంలో వదలడానికి కూడా శక్తి ఖర్చవుతుంది. మడిలోకి పారిన నీటినంతా మళ్లీ చెరువులోకి ఎత్తిపోయాలి. గోదావరి నీళ్లను దేవాదుల దగ్గర మోటార్లతో ఎత్తి ధర్మసాగరం దాకా తెస్తున్నట్టు, కాల్షియాన్ని తక్కువ ఉన్న చోటు నుంచి ఎక్కువ ఉన్న చోటికి ఎక్కించాలి. దానికి కణంలో సెర్కా అనే మోటార్లు లక్షల్లో ఉన్నాయి. లోపలి కాల్షియంలో ఎక్కువ భాగాన్ని అవే చెరువులోకి తోడేస్తాయి. మిగిలినదాన్ని కణం గోడలోని ఇంకో ప్రోటీన్ మూడు సోడియం అయాన్లను లోపలికి రానిచ్చి, బదులుగా ఒక కాల్షియం అయాన్‌ను బయటికి పంపుతూ కాలువలో కలిపేస్తుంది. బయటి నుంచి ఎంత వచ్చిందో అంత బయటికి పోవాలి, లేకపోతే మడి రోజురోజుకూ ఊబి అవుతుంది. కాల్షియం తగ్గగానే ట్రోపోనిన్ దాన్ని వదిలేస్తుంది, దారం మళ్లీ కప్పుకుంటుంది, గుండె సడలుతుంది.

మోటారుకు కరెంటు కావాలి కదా. కణంలో ఆ కరెంటు పేరు ఏటీపీ. ఒక్క ఏటీపీ ఖర్చుతో సెర్కా రెండు కాల్షియం అయాన్లను ఎత్తుతుంది. అంతే కాదు, ఆక్టిన్‌ను పట్టుకున్న మయోసిన్ చేయి విడిపోవాలన్నా కొత్త ఏటీపీ వచ్చి తగలాలి. మనిషి పోయాక కొన్ని గంటలకు ఒళ్లు కట్టెలా బిగుసుకుపోవడం ఊళ్లో అందరూ చూసినదే. ఏటీపీ అయిపోయి, పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఉండిపోవడం వల్ల అది జరుగుతుంది. ఈ ఏటీపీని 1929లో వెలికితీసిన వాళ్లలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. అమెరికాలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. ఏటీపీ పేరు చెప్పినప్పుడల్లా సుబ్బారావు గారి పేరు కూడా చెప్పడం నాకు అలవాటు. మన పిల్లలకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో కొట్టుకు సుమారు 0.8 సెకను పడుతుంది. అందులో ముడుచుకునేది 0.3 సెకను, సడలి నిండేది 0.5 సెకను. రోజుకు లక్ష సార్లకు పైగా చెరువు తూము తెరవాలి, లక్ష సార్లకు పైగా తోడిపోయాలి. గుండె కండరంలోని ఎడమ భాగానికి తన సొంత రక్తం ఎక్కువగా అందేది కూడా ఈ సడలిన సమయంలోనే. గుండె అన్నం తినే వేళ అదే అనుకో.

ఇప్పుడు రిపోర్టు సంగతి. పంపింగ్ 62 శాతం అంటే ముడుచుకునే బలంలో లోపం లేదు. గ్రేడ్ 1 డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్ అంటే గుండె ఎడమ గది సడలడం కొంచెం నెమ్మదించింది. మొదటి మెట్టు అది. సడలిన గదిలోకి రక్తం మొదట ఒక విడత తనంతట తాను పారుతుంది, చివర పై గది ముడుచుకుని ఇంకో విడత నెట్టుతుంది. వయసులో ఉన్నప్పుడు మొదటి విడతే పెద్దది. సడలడం నెమ్మదిస్తే మొదటి విడత తగ్గి రెండోది పెరుగుతుంది. ఎకోలో ఈ రెండింటినీ కొలిచే ఆ మాట రాస్తారు. అరవై దగ్గరపడుతున్న వాళ్లలో, అందులోనూ బీపీ ఉన్నవాళ్లలో, ఇది చాలా మామూలుగా కనిపిస్తుంది. 'డిస్‌ఫంక్షన్' అన్న మాట చదివి గుండె పాడైపోయిందని ఏడ్చినవాళ్లను నేను ఎంతోమందిని చూశాను. ఆ మాట అంత భయపడాల్సింది కాదు. అలాగని పట్టించుకోకుండా వదిలేయాల్సిందీ కాదు.

సడలడం ఎందుకు నెమ్మదిస్తుంది? ఏళ్ల తరబడి ఎక్కువ బీపీకి ఎదురు నిలిచి పనిచేసిన గుండె గోడ మందమవుతుంది, దానిలో నార కణజాలం పెరుగుతుంది. వయసుతోనూ, గుండె అలసిపోతున్న కొద్దీ సెర్కా మోటార్ల పని కూడా తగ్గుతుంది. నీళ్లు తోడటం ఆలస్యమైతే మడి ఆరడం ఆలస్యమవుతుంది. షుగరు, అధిక బరువు, గుండెకు రక్తం సరిగ్గా అందకపోవడం కూడా ఇదే పని చేస్తాయి. ఈ వరుసలో కాల్షియం గోలీ ఎక్కడా లేదని గమనించు. తోడే మోటారు నెమ్మదించడం అసలు సమస్య. కాలువలో నీళ్లు ఎక్కువవడం వల్ల వచ్చింది కాదు.

అమ్మకు చేనులో దమ్ము ఎందుకు వచ్చిందో కూడా దీంతో కొంత తెలుస్తుంది. పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కేటప్పుడైనా, ఎండలో వంగి పత్తి ఏరేటప్పుడైనా గుండె వేగం పెరుగుతుంది. వేగం 120కి పోతే ఒక్కో కొట్టుకు అర సెకనే మిగులుతుంది. ఆ తగ్గిన సమయంలో పెద్ద కోత పడేది సడలే భాగానికే. మంచి గుండెలో అడ్రినలిన్ వచ్చి సెర్కా మీద ఉండే ఫాస్ఫోలాంబాన్ అనే బ్రేకును వదిలిస్తుంది, మోటారు జోరు పెరుగుతుంది, తక్కువ సమయంలోనే గుండె పూర్తిగా సడలుతుంది. ఆ వెసులుబాటు తగ్గినవాళ్లలో గది పూర్తిగా సడలకముందే మళ్లీ ముడుచుకునే వేళ వస్తుంది. వెనక ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి పెరిగి ఆయాసం వస్తుంది. అయితే గ్రేడ్ 1 ఒక్కటే ఉన్న చాలామందికి ఏ బాధా ఉండదు. అందుకే అమ్మ ఆయాసాన్నంతా దీని ఖాతాలో వేసి కూర్చోవద్దు. హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించారో లేదో చూడు. పొలం పని చేసే మన ఆడవాళ్లలో రక్తం తక్కువై దమ్ము వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇది నేను ఎక్కువగా చూసే సంగతి.

ఇక గోలీలో ఉన్న కాల్షియం ఎక్కడికి పోతుంది? మన ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో ఉండేది చాలా కొంచెం, కానీ దాని కాపలా చాలా గట్టిది. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. రక్తంలో కాల్షియం కాస్త తగ్గితే చాలు, అవి హార్మోన్ వదిలి ఎముక నుంచి కాల్షియాన్ని రక్తంలోకి తెప్పిస్తాయి, మూత్రంలో పోయేదాన్ని ఆపిస్తాయి. ఎక్కువైతే ఆ హార్మోన్ తగ్గిపోతుంది. 500 మి.గ్రా. గోలీ మింగితే పేగు తీసుకునేది అందులో ఒక భాగమే, మిగతాది బయటికి పోతుంది. అందుకని మామూలు మోతాదులో గోలీ వేసుకున్నా, వేసుకోకపోయినా గుండె కణం చుట్టూ పారే కాలువ మట్టం దాదాపు ఒకేలా ఉంటుంది. తిండిలో కాల్షియం చాలనప్పుడు ఆ లోటు గుండెకు తెలియదు. దాన్ని ఎముక భరిస్తుంది. నెలసరి ఆగిన వయసులో ఉన్న మీ అమ్మకు ఎముక అసలే పలచబడుతుంటుంది, గోలీ రాయడంలో ఉద్దేశం ఆ ఎముకను కాపాడటమే.

'8.3, తక్కువ' అని గుర్తు పెట్టడం చూసి కూడా భయపడకు. రక్తంలోని కాల్షియంలో సుమారు సగం ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లకు అతుక్కుని ఉంటుంది. పనిచేసేది విడిగా ఉన్న మిగతా సగమే. ఆల్బుమిన్ తగ్గితే మొత్తం అంకె తగ్గినట్టు కనిపిస్తుంది కానీ పనిచేసే కాల్షియం తగ్గకపోవచ్చు. డాక్టర్లు ఒక చిన్న లెక్క వాడతారు. ఆల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువ ఉందో దాన్ని 0.8తో గుణించి కాల్షియానికి కలుపుతారు. అమ్మకు ఆల్బుమిన్ 3.4, అంటే 0.6 తక్కువ. 0.6ను 0.8తో గుణిస్తే 0.48. దాన్ని 8.3కు కలిపితే 8.78. మామూలుగా 8.5 నుంచి 10.5 మధ్య ఉండాలంటారు కాబట్టి ఇది ఆ హద్దులోనే ఉంది. ఇది అంచనా లెక్కే. డాక్టరుకు అనుమానం ఉంటే అయొనైజ్డ్ కాల్షియం అని నేరుగా కొలిచే పరీక్ష రాస్తారు. కాల్షియం ఎక్కువై గుండె బిగుసుకుందన్న మాటకు మాత్రం ఈ కాగితంలో ఏ ఆధారమూ లేదు.

నిజంగా కాల్షియం తగ్గితే మూతి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు, కొంకర్లు పోవడం, ఈసీజీలో క్యూటీ అనే భాగం సాగడం కనిపిస్తాయి. నిజంగా పెరిగితే దాహం, అతిమూత్రం, మలబద్ధకం, మగత వస్తాయి, క్యూటీ కురచవుతుంది. పెరిగినప్పుడు కారణం తరచుగా ఆ మెడ గ్రంథుల జబ్బో, ఇంకో పెద్ద జబ్బో అయి ఉంటుంది. డి విటమిన్ సూదులు లెక్కా పత్రం లేకుండా వేయించుకున్నా పెరుగుతుంది. మోకాళ్ల నొప్పులనగానే వారం వారం డి విటమిన్ సూది వేయించుకునేవాళ్లు మన వైపు ఉన్నారు. పరీక్ష లేకుండా ఆ పని చేయించవద్దు.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు చిక్కు, రెండు గోలీల తగాదా. అమ్లోడిపిన్ రక్తంలోని కాల్షియాన్ని తగ్గించదు. ఎముకలోని కాల్షియం జోలికి పోదు. నేను పైన చెప్పిన ఎల్-టైప్ తలుపులు రక్తనాళాల గోడల్లోని కండరంలో కూడా ఉంటాయి. ఆ తలుపుల్లోంచి వచ్చిన కాల్షియంతోనే నాళం బిగుసుకుని బీపీ పెరుగుతుంది. అమ్లోడిపిన్ ఆ తలుపుల్లో కొన్నింటిని మూసి ఉంచుతుంది, నాళం వదులవుతుంది, బీపీ దిగుతుంది. మామూలు మోతాదులో దాని పని గుండె మీద కంటే నాళాల మీదే చాలా ఎక్కువ. ఇదే కుటుంబంలో వెరాపమిల్, డిల్టియాజెమ్ అనే మందులు గుండె మీద కూడా గట్టిగా పనిచేస్తాయి, అమ్మ వేసుకునేది అవి కావు. ఒక గోలీ ఎముకకు సామాను పంపుతోంది, ఇంకోటి నాళం గోడలో ఒక తలుపు దగ్గర నిలబడింది. వాళ్లిద్దరికీ దారిలో తగాదా లేదు. ఇంకా చెప్పాలంటే, అమ్మ గుండె సడలడం మెరుగుపడాలన్నా, కనీసం ఇంకో మెట్టు దిగకుండా ఉండాలన్నా బీపీ అదుపులో ఉండటమే అన్నింటికంటే ముఖ్యం. భయంతో అమ్మ ఆపేసింది తనకు పనికొచ్చే మందునే.

అమ్లోడిపిన్ వల్ల కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. అమ్మకు అలా ఉంటే డాక్టరుకు చెప్పు, మందు మార్చడానికి వేరే దారులున్నాయి. మీరే ఆపేయొద్దు.

పెద్దమనిషి మనసులో ఇంకో భయం కూడా ఉండి ఉంటుంది. 'గుండె నాళాల్లో కాల్షియం పేరుకుంది' అని స్కానులో వచ్చినవాళ్లను ఆయన చూసి ఉంటాడు. అది వేరే కథ. నాళం గోడలో కొవ్వు గడ్డకట్టి, వాపు వచ్చి, ఏళ్ల మీద ఆ మచ్చలో కాల్షియం గట్టిపడుతుంది. కణం లోపల ప్రతి కొట్టుకూ వచ్చిపోయే కాల్షియానికీ దీనికీ పేరు ఒకటే. గోలీల కాల్షియం ఈ పేరుకుపోవడాన్ని పెంచుతుందా అన్న దాని మీద పరిశోధనల్లో ఏకాభిప్రాయం రాలేదు. తిండిలో వచ్చే కాల్షియం మీద అలాంటి అనుమానం లేదు. అందుకే నా అభిప్రాయం ఇది: తిండితో ఎంత వస్తుందో ముందు లెక్క వేసి, తక్కువ పడినదానికే గోలీ వాడాలి. ఏళ్ల తరబడి అడగకుండా మింగకూడదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 1000 మి.గ్రా., నెలసరి ఆగిన ఆడవాళ్లకు 1200 మి.గ్రా. కాల్షియం కావాలంటోంది. ఒక గ్లాసు పాలో పెరుగో సుమారు 240 మి.గ్రా. ఇస్తుంది. 100 గ్రాముల తైదల్లో, అంటే రాగుల్లో, 350 మి.గ్రా. దాకా ఉంటుంది. మన పెద్దలు పొద్దున్నే తైద అంబలి తాగి చేనుకు పోయేవాళ్లు, అది మళ్లీ మొదలుపెడితే ఎంత బాగుంటుంది. పొట్టు తీయని నువ్వులు, మునగాకు కూడా మంచివే. సర్వపిండిలో నువ్వులు కాస్త ఎక్కువ పోయమను.

మోకాళ్ల గురించి కూడా ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ వయసులో మోకాళ్ల నొప్పి ఎక్కువగా కీలులోని మృదులాస్థి అరిగిపోవడం వల్ల వస్తుంది. కాల్షియం గోలీ ఆ నొప్పిని తీసేయదు. తొడ కండరం బలపడే వ్యాయామం, బరువు తగ్గడం, గొంతుకూర్చుని చేసే పనులు తగ్గించడం దానికి పనిచేస్తాయి. నొప్పి తగ్గలేదని అమ్మ ఇంకో గోలీ పెంచుకోకుండా చూడు. నొప్పి మాత్రలు కూడా ఊరికే కొనుక్కుని వేసుకోవద్దు, వాటిలో చాలావరకు బీపీని పెంచుతాయి.

డాక్టరు కాల్షియం మళ్లీ వేసుకోమంటే ఎలా వేసుకోవాలో అడుగు. కార్బొనేట్ రకం అయితే అన్నంతో పాటు వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. థైరాయిడ్ గోలీకి కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, ఐరన్ గోలీతో కలిపి వేసుకోకూడదు. ముందెప్పుడైనా కిడ్నీలో రాళ్లు వచ్చి ఉంటే, బీపీకి మూత్రం ఎక్కువ పోయించే గోలీ కూడా ఇస్తుంటే, డిగాక్సిన్ అనే గుండె మందు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. ఉప్పు మొత్తం రోజుకు ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. మామిడికాయ తొక్కులో ఉన్న ఉప్పు కూడా ఆ చెంచాలోదే. దమ్ము సంగతి తేలాక, డాక్టరు సరేనంటే రోజూ అరగంట నడవమను. పత్తి ఏరడం నడక కిందికి రాదు. అది ఒంటిని అలసగొట్టే పని, గుండెకు ఆ నిలకడైన వ్యాయామం అందులో దొరకదు.

పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చోవడం, రెండు కాళ్లూ వాచి ఆయాసం పెరగడం, ఛాతీలో బరువుతో చెమటలు పట్టడం, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకడం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి పెద్ద దవాఖానకు తీసుకుపో.

అవేవీ లేకపోతే ఈ వారంలోనే ఒక రోజు చూసుకుని అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఎకో రిపోర్టు, రక్తపరీక్ష కాగితం, రెండు గోలీల ఖాళీ అట్టలు ఒకే కవరులో పెట్టుకో. ఇవాళ్టి నుంచి పొద్దున, సాయంత్రం చూసిన బీపీ అంకెలు నీ నోటు పుస్తకంలో ఒక పేజీ మీద రాసి అది కూడా తీసుకుపో. ఆ పేజీ డాక్టరుకు ఎకో రిపోర్టు కంటే ఎక్కువ పనికొస్తుంది. బీపీ 180 పైన గానీ, కింది అంకె 120 పైన గానీ వస్తే అమ్మను ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడు. అప్పుడూ అలాగే ఉంటే అదే రోజు పోవాలి. దానితో పాటు తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే వెంటనే బయలుదేరాలి.